పాత బండిని ఎంతకాలము ఉంచుకోవాలి?



ఈ మధ్య ఒకే ప్రశ్న ముగ్గురి నోట మా దగ్గరకు వచ్చినది. పదహారేండ్ల ట్రాక్టరు ఉన్న ఒక రైతు సహోదరుడు, "అయ్యగారూ, దీన్ని బాగుచేయించుకుంటూ పోవాలాండి, లేక అమ్మేసి కొత్తది తీసుకోమంటారా?" అని అడిగాడు. కొడుకు తోలే ఆటో మీదనే ఇల్లు గడుస్తున్న ఒక విధవరాలైన తల్లి అదే మాట అడిగినది. తండ్రి వాడిన మోటారు సైకిలు మీద కాలేజీకి వెళ్లడానికి నామోషీగా ఉన్నదని ఒక యౌవనస్థుడు అదే ప్రశ్నను ఇంకొక విధముగా అడిగాడు.

ఇది ఒక పాస్టరు వ్రాయవలసిన సంగతియేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అప్పు, పొదుపు, ప్రాణము, ఈ మూడూ ఇందులో ఉన్నవి. పైగా ఈ విషయములో మేము ఒకసారి తప్పిపోయాము. ఆ తప్పు మీ ఇంటిలో జరుగకూడదని ఈ నెల ఈ పేజీని దీనికే ఇస్తున్నాము.

ఇల్లు వంటి వ్యాను

మేము ఈ పరిచర్యకు వచ్చిన మరుసటి ఏడు, అనగా 2005లో, మా సంఘము కోత పండుగ కానుకలతోను, కొంత అప్పుతోను ఒక డీజిలు వ్యాను కొన్నది. డ్రైవరుతో కలిపి ఎనిమిది మంది కూర్చొనవచ్చు. రంపచోడవరము, మారేడుమిల్లి వైపు మన్యము పల్లెలలో కూడికలు జరపడానికి వెళ్తే ఆ రాత్రికి తిరిగి వచ్చే వీలు ఉండేది కాదు. అందుచేత మా ఊరి వడ్రంగి సహోదరుడు ఒకరు సీట్ల మధ్య పరచుకొనుటకు మూడు చెక్కలు కోసి ఇచ్చారు. పరిస్తే మంచము, ఎత్తి నిలబెడితే బల్ల. ఒక మూల కిరోసిను స్టవ్వు, ఇంకొక మూల మైకు సెట్టు, పైన దోమతెరకు నాలుగు మేకులు. విదేశాలలో కారు వెనుక తగిలించుకొని పోయే చక్రాల ఇండ్లు ఉంటాయి, వాటిని కారవాన్లు అంటారు. మా పాలిట ఆ వ్యానే కారవాను.

మా పెద్దమ్మాయి ఆ చెక్క బల్ల మీదనే అక్షరాలు దిద్దుకున్నది. 2006 ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు ఆ వ్యాను బియ్యము, దుప్పట్లు మోసినది. పురిటి నొప్పులు పడుచున్న ఇద్దరు తల్లులను అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చినది. సంఘములో ఎవరి పెండ్లి జరిగినా పెండ్లికూతురు దానిలోనే దిగేది. అటువంటి బండిని మార్చుదామని ఎవరైనా అంటే, ముసలితనము వచ్చినదని ఇంటి మనిషిని వెళ్లగొట్టమన్నట్లు ఉండేది మాకు.

పదేండ్ల వరకు అది మమ్ములను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆయిలు మార్చడము, బ్రేకు లైనింగులు వేయించడము, టైర్లు, బ్యాటరీ, అంతే. ఆ తరువాత నెలకు ఒకసారైనా షెడ్డు గడప తొక్కవలసి వచ్చినది. క్లచ్చి ప్లేటు, రేడియేటరు, సెల్ఫు మోటారు, ఒకటి బాగుచేస్తే ఒకటి. 2020లో లాక్‌డౌను వచ్చినప్పుడు బండి కొన్ని నెలలు పాకలో నిలబడిపోయినది. నిలబడిన బండి క్షేమముగా ఉంటుందని మేము అనుకున్నాము. అది పొరపాటు. బ్యాటరీ చచ్చిపోయినది, టైర్లు ఒక వైపు అణగినవి, బ్రేకు డ్రమ్ముల లోపల తుప్పు పట్టినది. తిరిగే బండి అరుగుతుంది, నిలబడిన బండి చివుకుతుంది. ఏడాదిలో పది నెలలు చెట్టు కింద ఉండే ట్రాక్టరు ట్రక్కులు గలవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కాగితము చెప్పిన మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టము ప్రకారము సొంత వాడకపు బండి రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరములు చెల్లుతుంది. తరువాత బండిని చూపించి, ఐదేసి సంవత్సరములకు పొడిగించుకోవాలి. మా వ్యానుకు 2020లో గడువు ముగిసినది. లాక్‌డౌను వలన ప్రభుత్వము అటువంటి కాగితముల గడువును 2021 అక్టోబరు 31 వరకు పొడిగించినది. ఆ లోపల మేము బండికి రంగు వేయించి, చూపించి, పాత రుసుముకే పొడిగించుకున్నాము. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ రుసుము కారు వంటి బండికి 600 రూపాయల నుండి 5,000కు, మోటారు సైకిలుకు 300 నుండి 1,000కి పెరిగినది. ముందే చేయించుకున్నందుకు మేము చాలా సంతోషించాము. "ఇంకో ఐదేండ్లు మనకు దిగులు లేదు" అని కమిటీలో చెప్పాము.

ఆ సంతోషమే మమ్ములను మోసము చేసినది. ఆ కాగితము చూపించిన రోజున బండి ఎలాగున్నదో చెప్పినది గాని, మరుసటి సంవత్సరము ఘాటు రోడ్డులో ఎలాగుంటుందో చెప్పలేదు.

తొమ్మిది వేల రూపాయలు

2022 సెప్టెంబరులో షెడ్డు మేస్త్రీగారు వ్యాను కింద పడుకొని చూసి లేచి, "అయ్యగారూ, మాస్టరు సిలిండరు పోయిందండి. బ్రేకు పైపులు తుప్పు తినేసినాయి. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో మీకే గుర్తు లేదు. మొత్తం తొమ్మిది వేలు అవుద్ది. అది చేయించేదాకా ఘాటీ ఎక్కకండి" అన్నారు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. అందుకే దానిని రెండు సంవత్సరములకు ఒకసారి పూర్తిగా తీసివేసి కొత్తది పోయాలి. పోయకపోతే, కొండ దిగునప్పుడు బ్రేకులు కాలి, ఆయిలులోని నీరు ఆవిరి అవుతుంది. అప్పుడు పెడలు నేలకు ఆనేంతగా తొక్కినా బండి ఆగదు. ఇదంతా మేస్త్రీగారు మాకు విడమరచి చెప్పారు. మేము వినలేదని చెప్పలేము. విన్నాము. సంఘము పెట్టెలో ఆ నెల డబ్బు తక్కువగా ఉన్నది. "క్రిస్మసు కానుకలు రానివ్వండి, చేయిద్దాము" అని, తగ్గిన ఆయిలు మాత్రము నింపించి ఇంటికి వచ్చాము.

నవంబరులో స్త్రీల కూడికకు ఆరుగురు స్త్రీలతో మారేడుమిల్లి అవతలి పల్లెకు వెళ్లాము. తిరుగు ప్రయాణములో ఘాటు దిగుచుండగా డ్రైవరు తమ్ముడు మా వైపు చూసి నెమ్మదిగా, "అయ్యగారూ, బ్రేకు లేదండి" అన్నాడు. వెనుక వారు పాట పాడుకొనుచున్నారు, వారికి తెలియదు. ఆ తమ్ముడు గేరు రెండుకు, తరువాత ఒకటికి తెచ్చి, హ్యాండు బ్రేకు లాగుతూ, లోయ వైపు పోనీయకుండా కొండ వైపు కాలువలోనికి బండిని దింపి గట్టుకు రాయించి ఆపాడు. ఒకరికి మోకాలు చెక్కుకుపోయినది. అందరికంటె పెద్దదైన మామ్మగారికి కుడి మణికట్టు విరిగినది. ఆమె ఆ చేతితోనే బీడీ ఆకు కట్టలు కట్టి బ్రతికే మనిషి.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకొని మామ్మగారు మాతో అన్న మాట ఇది: "దేవుడు కాపాడాడండి అయ్యగారూ. ఆదివారం సాక్ష్యం చెప్పండి."

ఆదివారము వచ్చినది. మేము నిలువబడి సాక్ష్యము చెప్పలేకపోయాము. దేవుడు కాపాడిన మాట నిజమే. కాని మమ్ములను ఆ అపాయములోనికి తీసుకొని వెళ్లినది దేవుడు కాదు, మేము వెనుకకు నెట్టిన తొమ్మిది వేల రూపాయల పని. మేస్త్రీగారు చెప్పిన సంగతి, మేము దాచిపెట్టిన సంగతి సంఘము ఎదుట ఒప్పుకొన్నాము. మామ్మగారి వైద్యానికి సంఘానికి ఇరువది ఏడు వేలు అయినది. ఆమె చెయ్యి మాత్రము మునుపటివలె తిరుగలేదు.

నిర్గమకాండములో పొడిచే ఎద్దును గూర్చిన న్యాయవిధి ఉన్నది. ఎద్దు పొడవడము మొదటిసారి అయితే యజమానుడు నిర్దోషి. అది పొడుస్తుందని ముందే అతనికి తెలియజేయబడి కూడ కట్టివేయకపోతే, జరిగినదానికి అతడే ఉత్తరవాది. ఎన్నోసార్లు చదివిన ఆ మాటను ఆ వారము మేము మొదటిసారి మా గురించి చదువుకున్నాము. బండి యజమానులందరు కూడ చదువుకోవలసిన మాట అది.

లెక్క ఏమి చెప్పినది

తరువాతి కమిటీలో, "ఎప్పుడు మార్చవలసినదో మనము ఎందుకు కనిపెట్టలేకపోయాము?" అని ఒక పెద్ద అడిగారు. ఎవరి దగ్గరను లెక్క పుస్తకము లేదు. బిల్లులన్నీ ఒక పాత బిస్కట్ల డబ్బాలో ఉన్నవి. బ్యాంకులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకున్న సహోదరుడు ఒకరు మూడు రాత్రులు కూర్చొని వాటిని వరుసలో పెట్టారు. అంకెలను గుండ్రముగా చేసి ఇప్పటి ధరలకు తగినట్లు ఒక ఉదాహరణగా చెప్తాము. డీజిలు, ఇన్సూరెన్సు ఇందులో కలపలేదు.

ఒక బండి ఆరు లక్షలు పెట్టి కొన్నారనుకోండి. మొదటి ఐదేండ్లు మరమ్మతులకు ఏడాదికి 8,000, రెండవ ఐదేండ్లు 18,000, మూడవ ఐదేండ్లు 40,000, నాలుగవ ఐదేండ్లు 62,000 అవుతుందనుకోండి.

ఐదేండ్లకు అమ్మితే మూడు లక్షలు వచ్చినది. పోయిన మూడు లక్షలను ఐదుతో భాగిస్తే ఏడాదికి 60,000. మరమ్మతు 8,000. మొత్తము ఏడాదికి 68,000.

పదేండ్లకు అమ్మితే లక్షా యాబై వేలు వచ్చినది. ఏడాదికి తరుగు 45,000, మరమ్మతు సగటు 13,000. మొత్తము 58,000.

పదిహేనేండ్లకు అమ్మితే 75,000 వచ్చినది. తరుగు 35,000, మరమ్మతు సగటు 22,000. మొత్తము 57,000.

ఇరువది ఏండ్లకు అమ్మితే 40,000 వచ్చినది. తరుగు 28,000, మరమ్మతు సగటు 32,000. మొత్తము 60,000.

ఈ నాలుగు వరుసలను భోజనాల తరువాత ఇంటిల్లిపాది చూడండి. ఐదేండ్లకే మార్చేవాడు అందరికంటె ఎక్కువ పోగొట్టుకుంటాడు. బండి విలువ మొదట్లోనే వేగముగా పడిపోతుంది. ఇన్సూరెన్సు కంపెనీలవారు సయితము, ఆరు నెలలు దాటి ఏడాది నిండని బండి విలువలో 15 శాతము, నాలుగేండ్లు దాటి ఐదు నిండని బండికి 50 శాతము తగ్గించి లెక్క కట్టే పద్ధతి ఉన్నది. ఆ పడిపోయే కాలములో అమ్మి, మరల ఇంకొక కొత్త బండితో అదే నష్టమును మొదలుపెట్టడము తెలివి కాదు.

అలాగని ఎంతకాలము ఉంచితే అంత లాభమనుకోవడము కూడ తప్పే. పదేండ్లకు, పదిహేనేండ్లకు మధ్య తేడా ఏడాదికి వెయ్యి రూపాయలే. ఆ తరువాత లెక్క తిరిగి పైకి ఎక్కుతుంది. అనగా పదేండ్లు దాటిన తరువాత డబ్బు లెక్క మౌనముగా ఉంటుంది. ఉంచుకో అనదు, అమ్ము అనదు. అప్పుడు వేరొక ప్రశ్న అడగాలి: ఈ బండిలో ఎవరు కూర్చుంటారు? మేము ఆ ప్రశ్న అడగలేదు. లాభము లేని చోట లాభమున్నదని ఊహించుకొని, ఆరుగురు తల్లులను ఘాటు ఎక్కించాము.

మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. రోజంతా తిరిగే ఆటోకు ఐదేండ్లే పదేండ్లంత, వారానికి రెండుసార్లు సంతకు వెళ్లే మోటారు సైకిలుకు పదేండ్లు ఐదేండ్లంత. కాబట్టి సంవత్సరములను మాత్రమే కాదు, కిలోమీటర్లను, ట్రాక్టరయితే మీటరు చూపే గంటలను చూడండి. పద్ధతి మాత్రము అందరికి ఒక్కటే. పది రూపాయల నోటుబుక్కు కొని బండిలోనే ఉంచండి. తేదీ, మీటరు అంకె, చేయించిన పని, అయిన ఖర్చు, ఈ నాలుగు వ్రాయండి. గోపురము కట్టాలనుకొనేవాడు ముందుగా కూర్చొని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానము బండి కొనేవాడికి ఎంత వర్తిస్తుందో, ఉంచుకొనేవాడికీ అంతే వర్తిస్తుంది.

బండిని పరీక్షించు విధము

ఏడాదికి ఒకసారి, కోతల తరువాత చేతిలో నాలుగు రూపాయలు ఉన్నప్పుడు, మీకు నమ్మకమైన మేస్త్రీ దగ్గర బండిని పైకి లేపించి ఈ సంగతులు చూడండి.

మొదటిది, ఛాసీ. ఇంజను పాడైతే బోరు చేయించవచ్చు, గేరు బాక్సు విప్పి కట్టవచ్చు. కాని కింద ఉన్న ఛాసీని తుప్పు తింటే పైన ఎన్ని రంగులు వేసినా ప్రయోజనము లేదు. చిన్న సుత్తితో కొట్టి చూడమనండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము పొట్టు రాలుస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది త్వరగా వస్తుంది.

రెండవది, బ్రేకులు, స్టీరింగు. వీటి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయా అని అడగండి. "దొరకవండి, లేతు మీద చేయిద్దాం" అనే మాట తలుపు గడియ విషయములో ఫరవాలేదు, బ్రేకు విషయములో కూడదు.

మూడవది, పొగ. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుచున్నదని అర్థము. నల్లపొగ అయితే గాలి ఫిల్టరో, డీజిలు పంపో చూడవలసి ఉండవచ్చు, దానికే భయపడి బండి అమ్మకండి.

నాలుగవది, టైర్లు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో చేసినదని అర్థము. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు టైరు పని అయిపోయినట్లే. గాడి బాగున్నా, ఏండ్లు గడిచి రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలితే నమ్మరాదు. ఇశ్రాయేలీయుల చెప్పులు అరణ్యములో నలువది ఏండ్లు అరిగిపోలేదు. ఆ వాగ్దానము మన టైర్లకు లేదు.

చివరిది ఏ మేస్త్రీ చెప్పలేనిది, మిమ్మును మీరే అడుగవలసినది. వర్షము కురిసే అర్ధరాత్రి నిండు చూలాలైన మీ కూతురిని ఈ బండిలో ఎక్కించుకొని ముప్పై కిలోమీటర్లు వెళ్లడానికి మీకు ధైర్యమున్నదా? ఉన్నది అంటే ఉంచుకోండి. "ఏమోనండి" అంటే, ఆ "ఏమో"ను బాగుచేయించండి. ఎంత బాగుచేయించినా ఆ "ఏమో" పోకపోతే, మార్చే కాలము వచ్చినది.

ట్రాక్టరు ట్రక్కులను గూర్చి ఒక్క మాట. కన్వెన్షను రోజులలో మన గ్రామాల నుండి స్త్రీలు, పిల్లలు ట్రక్కులలో కిక్కిరిసి వచ్చుట మనకు ఆనందము కలిగించే దృశ్యము. కాని ట్రక్కు ధాన్యము మోయుటకు చేసినది, మనుష్యులను మోయుటకు కాదు. చట్టము కూడ ఒప్పుకోదు. హుక్కు పిన్ను అరిగిన పాత ట్రక్కు అయితే ఇక చెప్పనక్కరలేదు. బస్సు మాట్లాడుకొనుటకు సంఘమంతా తలా కొంత వేసుకోవడము మంచిది.

పాత బండి ఎక్కడికి పోవాలి?

2023 ఆరంభములో వ్యానును తీసివేయాలని సంఘము తీర్మానించినది. మరుసటి వారమే పొరుగూరి మనిషి ఒకరు వచ్చి 75,000 ఇస్తానన్నారు. "దేనికి?" అని అడిగితే, "బడి పిల్లలను తోలడానికండి" అన్నారు. ఛాసీ తుప్పు చూపించాము. "నేను చూసుకుంటాలెండి" అన్నారు.

మాకు డబ్బు అవసరము. మామ్మగారి వైద్యానికి చేసిన అప్పు అలాగే ఉన్నది. కమిటీలో ఇద్దరు ముగ్గురు, "చెప్పే అమ్ముతున్నాము కదా, మన తప్పేమున్నది?" అన్నారు. అప్పుడు చేతికి ఇంకా కట్టుతోనే వచ్చిన మామ్మగారు వెనుక నుండి, "మా చేతులు పెద్ద చేతులండి, అతుక్కున్నాయి. ఆళ్లు పసోళ్లండి" అన్నారు. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. క్రొత్త ఇల్లు కట్టినవాడు ఎవరూ పడిపోకుండ మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ధర్మశాస్త్రము చెప్పినది. మనము దిగిపోయిన మిద్దె మీదికి పిట్టగోడ లేకుండ పరుల పిల్లలను ఎక్కించవచ్చునా?

వ్యానును తుక్కు కింద ఇచ్చివేశాము. 32,000 వచ్చినది. అనగా 43,000 పోయినది. ఆ డబ్బు పోయినందుకు మాకు నేటికి విచారము లేదు.

ఈ తుక్కు పద్ధతి గురించి తెలియనివారి కొరకు చెప్తాము. 2021లో కేంద్ర ప్రభుత్వము దీనికి నియమములు చేసినది. అనుమతి పొందిన తుక్కు కేంద్రములో బండి అప్పగిస్తే ఒక ధ్రువపత్రము ఇస్తారు. దానిని చూపితే కొత్త సొంత బండికి పన్నులో 25 శాతము వరకు, కిరాయి బండికి 15 శాతము వరకు రాయితీ ఇవ్వడానికి వీలు కల్పించారు. మీ రాష్ట్రములో ఎంత ఇస్తున్నారో రవాణా కార్యాలయములో అడిగి తెలుసుకోండి. 2025 ఆగస్టులో ఇరువది ఏండ్లు దాటిన బండ్ల రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును ఇంకను పెంచి, మోటారు సైకిలుకు 2,000, కారు వంటి తేలిక బండికి 10,000 చేశారు. అతి పాత బండి ఉంచుకొనేవారు ఇది కూడ లెక్కలో వేసుకోవాలి.

మంచి స్థితిలోనున్న బండిని అమ్మేవారు కాగితము మార్చకుండ తాళము ఇవ్వకండి. అమ్మిన పద్నాలుగు రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. రిజిస్ట్రేషను మీ పేరున ఉన్నంతకాలము ఆ బండి వలన జరిగే ప్రమాదానికి మీరే బాధ్యులు అవుతారు. 2018లో సుప్రీంకోర్టు కూడ ఈ మాట చెప్పినది.

కొత్తది కొనే డబ్బు

పాత బండిని మనము పట్టుకొని వ్రేలాడుటకు ప్రేమ ఒక కారణము, చేతిలో డబ్బు లేకపోవుట అసలు కారణము. ఐదు లక్షలు పది శాతము వడ్డీకి ఐదేండ్లకు అప్పు తీసుకుంటే నెలకు సుమారు 10,620 కట్టాలి. ఐదేండ్లలో వడ్డీయే లక్షా ముప్పై ఏడు వేలు దాటుతుంది. అదే నెలకు 3,000 చొప్పున పన్నెండేండ్లు పక్కన పెడితే, వడ్డీ ఏమీ లేకుండానే 4,32,000 అవుతుంది. కాబట్టి బండి అప్పు తీరిన నెల నుండే, అలవాటైన ఆ వాయిదాలో కొంత భాగమును తరువాతి బండి పేరున దాచడము మొదలుపెట్టండి. మా సంఘములో ఇప్పుడు ఆదివారము కానుకల లెక్కలో "బండి నిధి" అని వేరే వరుస ఉన్నది. 2023 జూనులో కొన్న ఇప్పటి బండి నాలుగేండ్ల వయసు గల సెకండు హ్యాండు బండి. మొదటి పెద్ద తరుగు వేరొకరి దగ్గర జరిగిపోయినది. సర్వీసు పుస్తకము, ఛాసీ, బ్రేకులు మేస్త్రీగారు చూసి సరే అన్న తరువాతనే డబ్బు ఇచ్చాము.

ఇప్పుడు ఆ ముగ్గురికి మా జవాబు. రైతు సహోదరుడా, మీ ట్రాక్టరు ఇంజనుకు బోరు పని చేయిస్తే ఇంకా కొంతకాలము నడుస్తుందని మేస్త్రీ అంటే చేయించుకోండి, కాని ముందు ఆ ట్రక్కు ఇరుసు, హుక్కు చూపించండి. తల్లీ, కిరాయి బండికి ఎనిమిదేండ్లు దాటితే ఏటేటా ఫిట్‌నెసు చేయించాలి. మీ అబ్బాయి ఆటో నెలలో ఎన్ని రోజులు షెడ్డులో ఉన్నదో వ్రాయమనండి. ఆ రోజుల కూలి కూడ ఖర్చే. అది అప్పు వాయిదాతో సమానమైన నెల వస్తే మార్చండి. తమ్ముడూ, నీ తండ్రి బండి బ్రేకులు, టైర్లు బాగుంటే, చైను మార్పించి నడుపుకో. ఇతరుల కన్నుల కొరకు కొన్న బండికి వాయిదాలు నీ తండ్రి కట్టాలి.

మా వ్యానులోని ఆ మూడు చెక్కలను మేము తుక్కులో వేయలేదు. వడ్రంగి సహోదరుడు వాటితో చిన్న బెంచీ చేసి ప్రార్థనా మందిరము వాకిట వేశారు. ఆరాధనకు ముందుగా వచ్చిన మామ్మగారు ఆదివారము దాని మీదనే కూర్చుంటారు. మేము లోపలికి వెళ్తూ ఆమెకు వందనము చెప్పినప్పుడెల్ల ఆమె ఎడమ చెయ్యి ఎత్తుతారు. ఈ వారము మీరు మీ బండి తాళము చేతిలోనికి తీసుకొన్నప్పుడు, మేస్త్రీ చెప్పగా మీరు వాయిదా వేసిన పని ఏదైనా ఉన్నదేమో జ్ఞాపకము చేసుకోండి. ఉంటే ముందు అది చేయించండి.